పండగ సెలవుల్లో దిగులు: దాచుకోవద్దు, చెప్పుకుందాం



సంక్రాంతి సెలవులు దగ్గరికొచ్చాయి. బందరు, గుడివాడ హాస్టళ్లలో బ్యాగులు సర్దుకోవడం మొదలైంది. కానీ మనలో కొందరికి సెలవులంటేనే గుండెల్లో రాయి పడినట్టు ఉంటుంది. పైకి చెప్పుకోం. ఈ పోస్టు వాళ్ల కోసమే.

ఊరంతా భోగి మంటలు, కొత్త బట్టలు, అరిసెలు. మన ఇళ్లలో పని ఆగదు. దివిసీమలో మన యానాదుల కుటుంబాలనే చూడండి. ఒకరు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా, ఇంకొకరు మడ అడవుల దగ్గర పీతల వేట. కాపలాకు పండగ సెలవుండదు. నాన్న గట్టు మీద ఉంటాడు, మనం ఇంట్లో ఫోను పట్టుకుని క్లాసుమేట్ల స్టేటస్‌లు చూస్తూ కూచుంటాం. పైగా ఇంట్లో అప్పుల లెక్కలు, "ఉద్యోగం ఎప్పుడు?" అంటూ చుట్టాల ప్రశ్నలు. తిరిగొచ్చాక "పండగ ఎలా జరిగింది?" అంటే "సూపర్" అని అబద్ధం చెప్తాం. ఆ అబద్ధమే మనల్ని ఎక్కువ కుంగదీస్తోంది.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మేం గట్టిగా అంటున్నాం. సంక్రాంతి పంట ఇంటికొచ్చే పండగ. ఆ వరిచేలల్లో బుట్టలు పెట్టి, ఎలుకలు పట్టి పంటను కాపాడింది మన తాతలూ నాన్నలే. ఈ పండగలో మన చెమట కూడా ఉంది.

దివిసీమ పెద్దవాళ్లు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఇప్పటికీ నలుగురూ కూర్చుని చెప్పుకుంటారు. అంత దుఃఖాన్నే వాళ్లు చెప్పుకున్నారు. మనకెందుకు మొహమాటం?

ఈ సెలవుల్లో కొన్ని పనులు చేద్దాం. ఒక సాయంత్రం నాన్నకు అన్నం పట్టుకుని గట్టు మీదకెళ్లి ఆయనతో కూచుందాం. రాత్రి ఫోను పక్కన పెట్టి వేళకు పడుకుందాం. "ఒక పెగ్గేస్తే అన్నీ మర్చిపోతావ్" అనేవాడి మాట వినొద్దు, పొద్దున్నే దిగులు రెట్టింపవుతుంది. నమ్మకమైన ఒక్క మనిషికి ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిచ్చివాళ్లకే అనుకోకండి, దిగులుకీ అదే నంబరు.

చివరగా ఒక మాట. సెలవులయ్యాక హాస్టల్లో కొన్ని మంచాలు ఖాళీగానే ఉండిపోతాయి. "వాడికి చదువు మీద ఇంట్రెస్ట్ లేదులే" అని వదిలేస్తాం. ఈసారి అలా వద్దు. కనుమ మర్నాడే ఒకరికొకరం ఫోన్ చేసుకుందాం. "ఎప్పుడొస్తున్నావురా? బస్టాండు దగ్గర కలుద్దాం" అని అడుగుదాం. పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి, ఎవ్వరినీ వెనక వదిలి రావద్దు.