కోచీస్‌లో భూమి చవకే, నీళ్ల మాటేమిటి?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దును ఆనుకుని కోచీస్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కరెంటు తీగ, కుళాయి లేని చోట నాలుగెకరాలు కొని, సోలార్ పెట్టుకుని, కూరగాయలు, మేకలతో బతకాలనుకునేవాళ్లకు ఈ ఎడారి ప్రాంతమంటే మోజు. ఫీనిక్స్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు కొందరు కూడా అటు చూస్తున్నారు కాబట్టి రెండు మాటలు చెప్పాలి.

ఎండకు కొదవ లేదు. నాలుగెకరాలకు తగ్గకుండా ఉన్నవాళ్లు సొంతిల్లు కట్టుకుంటే తనిఖీల నుంచి మినహాయింపు కోరవచ్చు. చిక్కంతా నీళ్ల దగ్గరే.

అక్కడ ఏటా పడేది సుమారు 12 అంగుళాల వాన. అనంతపురంలో పడేదానికి సగం కాస్త ఎక్కువ! వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఆ వాననంతా చుక్క పోకుండా పట్టినా 28 వేల లీటర్లే, అంటే రోజుకు 78 లీటర్లు. నలుగురు మనుషులకు బొటాబొటి. మేకలకేం పోస్తారు? మళ్లకేం పెడతారు?

ఇక మిగిలింది బోరు. అరిజోనా 1980లోనే భూగర్భజల చట్టం చేసింది. కానీ దాని అదుపు కొన్ని ప్రాంతాలకే. బయట ఎవరి బలం కొద్దీ వాళ్లు తోడుకోవచ్చు. కోచీస్‌లోని విల్‌కాక్స్ లోయలో జరిగింది అదే. పెద్ద కమతాలు, పెద్ద డెయిరీలు లోతుగా బోర్లు దించాయి. కొన్నిచోట్ల నీటిమట్టం వందల అడుగులు పడిపోయింది, నేల పగుళ్లిచ్చింది, ఇళ్ల బోర్లు ఎండాయి. పక్కవాడు వెయ్యి అడుగులు దించితే మన మూడొందల అడుగుల బోరు ఏమవుతుందో రాయలసీమ రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు.

2022 నవంబరులో డగ్లస్ లోయ జనం ఓటేసి అదుపు తెచ్చుకున్నారు. విల్‌కాక్స్ వాళ్లు కాదన్నారు. 2024 చివర్లో ప్రభుత్వమే అక్కడ అదుపు ప్రకటించింది. కొత్తగా సాగు పెంచడానికి లేదు, సరే. పాత పెద్ద సాగుదారుల హక్కు మాత్రం అలాగే ఉంది. చిన్నవాడికి దీనివల్ల బోరులోకి నీళ్లు తిరిగి రావు.

కాబట్టి ఎకరం ధర, ఎండ, అనుమతులు తర్వాత చూసుకోవచ్చు. అక్కడ బోర్ల రిజిస్ట్రేషన్ వివరాలు ఎవరైనా చూడవచ్చు. కొనబోయే స్థలం చుట్టూ బోర్లు ఎంత లోతున్నాయి, పదేళ్లలో మట్టం ఎంత దిగింది, దగ్గర్లో పెద్ద మోటార్లు ఎవరివి అనేది బయానా ఇవ్వకముందే తేల్చుకోమని పిల్లలకు చెప్పండి.