సరయేవోకు అతిథిగా వెళ్లేవారికి

జర్మనీలోనో ఆస్ట్రియాలోనో ఉద్యోగం చేస్తున్న బిడ్డలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. అంత దూరం వెళ్లినవారికి బోస్నియా రాజధాని సరయేవోను కూడా చూసి రావాలనిపించడం సహజం. అది అజాన్ వినిపించే యూరప్ నగరం. అయితే ‘ముస్లిముల ఊరే కదా’ అన్న ధీమాతో వెళ్లినవారు రెండు విధాల పొరబడతారు. కొన్ని విషయాల్లో జాగ్రత్త మరుస్తారు. మరికొన్ని విషయాల్లో తోటి విశ్వాసులపై తీర్పరులై కూర్చుంటారు.

మొదట ప్రయాణం సంగతి. బోస్నియా షెంగెన్ దేశాల్లో లేదు. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే షెంగెన్ వీసాతో జర్మనీ నుంచి సరయేవోకు వెళ్తే తిరిగి జర్మనీలో అడుగుపెట్టలేరు. కనుక బయలుదేరక ముందే వీసా నిబంధనలను సరిచూసుకోవాలి. అక్కడి నాణెం మార్కు. ఒక యూరోకు దాదాపు రెండు మార్కులు వస్తాయి. చిన్న దుకాణాల కోసం కొంత నగదు దగ్గర ఉంచుకోవడం మంచిది.

పాత బజారు పేరు బష్‌చర్షియా. దాని నడుమ నీటి మందిరం ఒకటుంది, పేరు సెబిల్. మనకు తెలిసిన ‘సబీల్’ అన్న మాటే అది. బాటసారులకు దాహం తీర్చే చలివేంద్రం. కొద్ది దూరంలో 1531లో నిర్మితమైన గాజీ హుస్రెవ్ బేగ్ మస్జిద్ ఉంది. దాని పక్కనున్న గడియార స్తంభం చాంద్రమాన కాలాన్ని చూపుతుంది. సూర్యాస్తమయం కాగానే అందులో పన్నెండవుతుంది. మగ్‌రిబ్‌తో కొత్త దినం మొదలవుతుందని మనం పిల్లలకు చెప్పే మాటను అక్కడ కళ్లారా చూపవచ్చు.

బోస్నియా ముస్లిములు హనఫీలు. కనుక నమాజు పద్ధతి మనలో చాలామందికి పరిచితమే. పదిహేను రోజులకన్నా తక్కువ ఉండదలచిన ప్రయాణికుడు విడిగా చేసే నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. స్థానిక ఇమామ్ వెనుక నిలిస్తే నాలుగూ పూర్తి చేయాలి. జూన్‌లో మగ్‌రిబ్ రాత్రి ఎనిమిదిన్నరకు అవుతుంది; ఇషా మరింత ఆలస్యం. వృద్ధులు మధ్యాహ్నం కాస్త విశ్రమించాలి.

పాత బజారులో కాల్చిన మాంసపు ‘చెవాపి’ని మెత్తని రొట్టెలో పెట్టి ఇస్తారు. అక్కడి భోజనశాలల్లో చాలావాటిలో మద్యం ఉండదు. కానీ నగరంలో అన్ని మతాలవారూ ఉన్నారు. పెద్ద దుకాణాల్లో పందిమాంసమూ అమ్ముతారు. హలాల్ గుర్తు చూసి కొనండి, సందేహముంటే మర్యాదగా అడగండి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. రాగి పాత్రలో కాచిన కాఫీని చిన్న గిన్నెల్లో పోసి, చక్కెర ముక్కలతో, మిఠాయితో ఇస్తారు. గబగబా తాగి లేవడం అక్కడి మర్యాద కాదు. ఆ కాఫీ మాటలకోసం. సలాం చెప్పండి, ‘హ్వాలా’ అంటే కృతజ్ఞతలు.

ఆ మాటల్లో యుద్ధం ప్రస్తావన మీరుగా తేవద్దు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, 1425 రోజులు ఆ నగరం ముట్టడిలో ఉంది. ముట్టడి మొదలైన ఇరవై ఏళ్లకు, 2012లో, మృతుల స్మృతికి ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలను ఖాళీగా వరుసలుగా ఉంచారు. గుండ్లు పడి మనుషులు చనిపోయిన చోట్ల నేలలోని గుంటలను ఎర్రటి రెసిన్‌తో నింపారు. వాటిని ‘సరయేవో గులాబీలు’ అంటారు. వాటిపై నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగకండి. వారే చెబితే వినండి. కొండల్లో నడిచేటప్పుడు గుర్తు వేసిన బాట దాటకండి. యుద్ధకాలపు మందుపాతరల ప్రమాదం ఇంకా పూర్తిగా తొలగలేదు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. అక్కడ తలపై వస్త్రం లేని ముస్లిం యువతులు కనిపిస్తారు. మస్జిద్ పక్క వీధిలోనే వేరే రకం జీవనమూ కనిపిస్తుంది. వెంటనే ‘వీరేం ముస్లిములు’ అనకండి. కమ్యూనిస్టు పాలనలో 1946లో అక్కడి షరీఅత్ న్యాయస్థానాలు రద్దయ్యాయి. 1950లో ముఖం కప్పుకోవడాన్ని చట్టం నిషేధించింది. ఆ తరువాత ముట్టడి వచ్చింది. అన్ని కష్టాల నడుమ కలిమాను బిడ్డలకు అందించిన తల్లులు వారు. అటువంటి పరీక్ష మనకు ఎదురైతే మనలో ఎందరం నిలిచేవారమో అల్లాహ్‌కే తెలుసు.

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా దురనుమానాన్నీ, పరోక్ష నిందనూ వారించింది. ఆ ఆదేశం మన ఊరి గుమ్మం దాటగానే రద్దు కాదు. తోటి విశ్వాసిలో లోపం కనిపిస్తే దుఆ చేయండి; మేలు కనిపిస్తే నేర్చుకుని రండి. తిరిగివచ్చాక బంధువులకు వారి లోపాల చిట్టా కాక, వారి సహనం గురించి చెప్పగలిగితే మీ ప్రయాణం సార్థకమైనట్లే, ఇన్షా అల్లాహ్.