చూరు నీళ్ళు తాగొచ్చా?

ఈ వారం నేను నేర్చుకున్న మాట "చూరు". ఇంటి కప్పు అంచును చూరు అంటారు. అక్కడి నుంచి కారే వాన నీళ్ళు చూరు నీళ్ళు.

సుంగై సుమున్‌లో మా ఇంటి చూరు కింద ఒక నీలం డ్రమ్ము ఉంది. ఇంట్లో కుళాయి ఉన్నా, అమ్మమ్మ కాఫీకి డ్రమ్ము నీళ్ళే వాడుతుంది. "దేవుడు పైనుంచి ఇచ్చిన నీళ్ళురా, వీటికేం?" అంటుంది. అమ్మమ్మ మీద గౌరవం ఉంది కానీ ఈ మాట నేను ఒప్పుకోను.

మా చుట్టూ కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు. గడ్డి చావడానికి, పురుగు చావడానికి అక్కడ మందు కొడతారు. తెలుగులో జబ్బు తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే. నాకు మొదట ఇది చాలా తికమకగా ఉండేది. మలయ్‌లో రాచున్ అంటారు, అంటే విషం. ఈ ఒక్క చోట మలయ్ మాటే నిజం చెబుతోంది.

మందు కొట్టినప్పుడు సన్నని తుంపర గాలిలో కొట్టుకుపోతుంది. కొన్ని మందులు తరువాత ఆవిరై పైకి లేస్తాయి. కొంత దుమ్ముతో కలిసి మన రేకుల మీద పడుతుంది. వాన గాలినీ కడుగుతుంది, రేకులనూ కడుగుతుంది. ఆ కడిగిన నీళ్ళే డ్రమ్ములోకి వస్తాయి. 1990లలో స్విట్జర్లాండ్ పరిశోధకులు వాన నీళ్ళలోనూ, కప్పుల నుంచి కారిన నీళ్ళలోనూ అట్రజిన్ అనే కలుపు మందును కనుగొన్నారు. వాన మొదట్లో పడిన నీళ్ళలో అది ఎక్కువగా ఉంది.

"ఇన్నేళ్ళు తాగాను, నాకేమైంది?" అని అమ్మమ్మ అడుగుతుంది. ఆమె ఎస్టేట్‌లో వీపు మీద పంపు మోసి మందు కొట్టింది. అప్పుడు ఆ డబ్బాలో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలా మందు కొట్టే ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి తెనాగనిత సంస్థ 2002లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే మలేషియా ప్రభుత్వం పారాక్వాట్‌ను నిషేధిస్తామని చెప్పింది. 2006లో మళ్ళీ అనుమతించింది. చివరికి 2020 జనవరి 1న పూర్తిగా నిషేధించింది. క్లోర్‌పైరిఫాస్, కార్బోఫ్యూరాన్‌లను 2023 మే 1 నుంచి నిషేధించారు. అంటే నిన్న "పరవాలేదు" అన్న మందే ఇవాళ "వద్దు" అయింది. అందుకే ఇవాళ్టి "పరవాలేదు"ను నేను పూర్తిగా నమ్మను.

కాచి తాగితే సరిపోదా? కాచితే క్రిములు చస్తాయి. మందు మాత్రం పోతుందని నమ్మలేం.

వాన నీళ్ళు పట్టడం మానేయాలని నేను అనడం లేదు. 1998 నీటి కరువు తరువాత ప్రభుత్వమే వాన నీళ్ళు పట్టుకోమని ప్రోత్సహించింది. మొక్కలకు, వాకిలి కడగడానికి, బండి కడగడానికి అవి చాలా మంచివి. తాగడానికి, వంటకు మాత్రం కుళాయి నీళ్ళు వాడాలి. డ్రమ్ములోకి మొదటి వాన పట్టకూడదు. అర మిల్లీమీటరు వానను వదిలేయాలని ఒక లెక్క ఉంది. 100 చదరపు మీటర్ల కప్పుకు అది 50 లీటర్లు, అంటే సుమారు మూడు బకెట్లు.

ఇంకొకటి అడగాలి. రేపు మందు కొడుతున్నామని తోటవాళ్ళు ముందు రోజే పక్క ఇళ్ళకు చెప్పాలి. చెబితే మేము గొట్టం పక్కకు తిప్పుకుంటాం, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటాం. దీనికి వాళ్ళకు ఒక్క రింగిట్ కూడా ఖర్చు కాదు.

నిన్న వాన మొదలవగానే నేను గొట్టం తీసి పక్కన పెట్టాను. అమ్మమ్మ చూసి ఏమీ అనలేదు. సాయంత్రం కాఫీకి కుళాయి తిప్పింది. "రుచి లేదు" అంది, కానీ తాగింది.

మీ ఇంట్లో పురుగు మందును ఏమంటారు? మందు అంటారా, విషం అంటారా? తెలుగులోనే రాయండి, తప్పులున్నా పరవాలేదు.