నీలం లైటు వెలిగితే చాలదు

ఫిల్టర్‌లో లైటు వెలుగుతనే ఉంది కదా అన్నా, మార్చుడెందుకు? ముగ్గురు నలుగురు అక్కలు ఇదే మాట అడిగారు. కంపెనీ మనిషి వచ్చి యూవీ లాంపు అయిపోయింది అంటాడు, మూత సందులోంచి చూస్తే నీలంగా మండుతనే ఉంటది. మరి ఎవరిని నమ్మాలి? అడగాల్సిన ప్రశ్నే. సర్వీసు పేరుతో డబ్బులు గుంజేవాళ్లు లేరని నేను అనను. కానీ ఈ ఒక్క విషయంలో మన కన్నే మనల్ని మోసం చేస్తది.

మిల్లు ఎలక్ట్రిక్ ఖాతాలో నేను మార్చిన ట్యూబ్‌లైట్లకు లెక్కలేదు. యూవీ లాంపు ఆ ట్యూబ్‌లైటుకు సొంత తమ్ముడే. రెండింట్లోనూ కొద్దిగా పాదరసం ఆవిరి ఉంటుంది. కరెంటు పారగానే అందులోంచి కంటికి కనబడని కిరణం పుడుతుంది. ట్యూబ్‌లైటు గాజుకు లోపల తెల్ల పొడి పూసి ఉంటుంది కదా, అది ఆ కిరణాన్ని మింగి తెల్ల వెలుతురు ఇస్తుంది. యూవీ లాంపుకు పొడి ఉండదు, గాజు కూడా వేరే రకం. కిరణాన్ని ఆపకుండా బయటికి పోనిస్తుంది. 254 నానోమీటర్ల ఆ కిరణం తగిలిన క్రిమి మళ్లీ పిల్లలు పెట్టలేదు, పెరగలేని క్రిమి జబ్బు తేలేదు. ఇదేమీ నిన్న మొన్నటి వింత కాదు. 1910 ప్రాంతంలోనే ఫ్రాన్స్‌లోని మార్సెయిల్‌లో ఊరి నీళ్లకు వాడి చూశారు.

మనకు కనిపించే నీలం రంగు క్రిముల పని పట్టే కిరణం కాదు, దాని వెంట వచ్చే మామూలు వెలుతురు. లాంపు పాతబడేకొద్దీ కిరణం బయటికి రావడం తగ్గిపోతుంది, నీలం మాత్రం అట్లనే ఉంటుంది. ఈ లాంపుల ఆయుష్షు సుమారు 8,000 నుంచి 9,000 గంటలు. సంవత్సరానికి గంటలు 8,760. రాత్రింబవళ్లు వెలిగే మెషీన్‌లో ఏడాది కాగానే దాని పని అయిపోయినట్టే. నీళ్లు పట్టేటప్పుడే వెలిగే రకంలో గంటలు తక్కువైనా, మాటిమాటికీ ఆన్ ఆఫ్ కావడం వల్ల కూడా లాంపు అరుగుతుంది. అందుకని అక్కడా ఏడాదికోసారి మార్చడమే మేలు. బజర్ మోగలేదు కదా అని కూడా ఊరుకోవద్దు. చాలా ఇంటి మెషీన్లలో అది లాంపులో కరెంటు పారుతోందా లేదా అన్నదే చూస్తుంది, కిరణాన్ని కొలవదు.

మా పక్క గల్లీలో ఒక ఇంట్లో చిన్నపాపకు వానాకాలమంతా విరేచనాలు పట్టి విడిచి, పట్టి విడిచి, పిల్ల సగమైంది. వాళ్ల వదిన పిలిస్తే పోయి ఫిల్టర్ విప్పి చూశాను. లాంపు మూడేండ్ల కిందిది, బ్రహ్మాండంగా వెలుగుతోంది. దాని చుట్టూ ఉండే క్వార్ట్జ్ గాజు గొట్టం మీద సున్నపు పొర కట్టింది. పాప జబ్బు నీళ్ల వల్లనే అని డాక్టరు చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ మూడేండ్లూ ఆ తల్లి పిల్లకు కాచిన నీళ్లు ఇవ్వడం మానేసింది, ఆ నీలం లైటును నమ్ముకొని. నాకు బాధనిపించింది అక్కడే.

షోలాపూర్‌లో మనకు ఉజని నీళ్లు రోజూ రావు, డ్రమ్ముల్లో పట్టి రోజుల తరబడి దాచుకుంటాం. ఇట్లాంటి చోట లాంపు పని ఇంకా ముఖ్యం. నీళ్లు మురికిగా ఉంటే మట్టి రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి, కిరణం వాటిదాకా పోదు. కాబట్టి ముందరి క్యాండిల్ మురికి పట్టితే దాన్ని మార్చకుండా లాంపు ఒక్కటే మార్చి లాభం లేదు. యూవీ నీళ్లలోని ఉప్పును, సున్నాన్ని తీయదు. కరెంటు పోతే ఏ పనీ చేయదు.

వారంటీలో ఉంటే కంపెనీ మనిషితోనే మార్పించుకోండి. మీ కళ్లముందే మార్చమనండి, పాత లాంపు చూపించమనండి. వారంటీ దాటిందా, చేయి తిరిగినవాళ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. నాకు 11 వాట్ల లాంపు 350 రూపాయలు పడింది. అదే పనికి సర్వీసు మనిషి ఒకడు 1,400 అడిగాడు.

ముందు ప్లగ్గు పీకండి, నల్లా కట్టేయండి. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. స్టీలు గొట్టం చివర రబ్బరు టోపీ ఉంటుంది, అది తీస్తే నాలుగు పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. సాకెట్ పట్టుకొని లాగండి, వైర్లు పట్టుకొని కాదు. లాంపు నిదానంగా జారి వస్తుంది. క్వార్ట్జ్ గొట్టాన్ని కదిలిస్తే నీళ్లు కారతాయి. దాని మీద సున్నం కడితే తెలిసినవాళ్లతో విప్పించి నిమ్మరసంతో తుడిపించాలి. కొత్త లాంపు అదే పొడవు, అవే వాట్లు, అవే పిన్నులు ఉండాలి. పాతది దుకాణానికి తీసుకుపోయి చూపించడం మంచిది. కొత్తదాని గాజును వట్టి చేతితో ముట్టవద్దు. చేతి జిడ్డు అంటితే కిరణం అక్కడ ఆగిపోతుంది. మెత్తని గుడ్డతో పట్టుకోండి. టోపీ పెట్టిన తర్వాతే ప్లగ్గు పెట్టాలి. వెలిగిందా లేదా అని తెరిచి చూడవద్దు. వెల్డింగ్ చూసినవాళ్లకు రాత్రికి కండ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంది కదా, ఇదీ అదే రకం దెబ్బ. మొదటి ట్యాంకు నీళ్లు అంట్లకు వాడేయండి.

మార్చిన తేదీ కాగితం మీద రాసి మెషీన్‌కు అంటించండి. గడువు దాటి, డబ్బులకు ఇబ్బందిగా ఉన్న నెలలో పిల్లలకు మాత్రం బాగా మరగబెట్టిన నీళ్లే ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంకో మాట. ఒక అక్క కొడుకు అమెరికాలో ఉన్నాడట, వాళ్లింట్లో ఏసీ గాలి పెట్టెలో కూడా నీలం లైటు ఉందట, అదేందని అడిగింది. అదీ ఈ లాంపే. తడిగా ఉండే కాయిల్ మీద బూజు పట్టకుండా పెడతారు. దాన్ని కూడా ఇట్లనే తేదీ చూసి మారుస్తారు, వెలుగు చూసి కాదు.

పాత లాంపులో పాదరసం ఉంటుంది, చెత్తకుండీలో వేయవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. తీసుకునే దుకాణం ఉంటే ఇచ్చేయండి. పగిలిందంటే కిటికీలు తెరిచి పిల్లలను బయటికి పంపండి, చీపురుతో ఊడవకుండా గట్టి అట్టతో ఎత్తి మూతగల డబ్బాలో వేయండి.

వచ్చే నెల, గీజర్ షాకు కొడుతోందని రాసిన భివండి తమ్ముడికి జవాబు. అప్పటిదాకా తమ్మీ, దాని ప్లగ్గు పీకే ఉంచు.