సూదికి భయపడి నిజానికి దూరం కాకండి

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట డాక్టరుగారూ! స్కాన్ తీయించాం కదా, అది చాలదా?" నా వైద్య జీవితంలో లెక్కలేనన్నిసార్లు విన్న ప్రశ్న ఇది. చాలదు. ఎందుకు చాలదో తెలుసుకోవడం మీ హక్కు.

క్లోమగ్రంథిలో గడ్డ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ముఖ్యమైన రక్తనాళాలను చుట్టుకుందా, కాలేయానికి పాకిందా అన్నవి సీటీ స్కాన్ చూపిస్తుంది. శస్త్రచికిత్స సాధ్యాసాధ్యాలను తేల్చడంలో దానిదే పెద్దపీట. ఆ పని బయాప్సీ చేయలేదు. అయితే ఆ గడ్డ స్వభావమేమిటో స్కాన్ ఊహించి చెబుతుంది. కణజాల పరీక్ష కణాలను చూసి చెబుతుంది.

ఆ ఊహ తప్పితే? ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లా కనిపించవచ్చు; అది స్టిరాయిడ్లకు లొంగే జబ్బు. క్షయ కూడా అరుదుగా క్లోమంలో గడ్డకట్టి ఇదే వేషం వేస్తుంది. క్షయరోగికి కీమోథెరపీ ఇస్తే అది చికిత్స కాదు, అపచారం. స్టీవ్ జాబ్స్ ఉదంతం చూడండి. స్కాన్ చూసిన వైద్యులు ఆయుష్షు కొన్ని నెలలే అన్నారు. అదే సాయంత్రం చేసిన బయాప్సీలో అది శస్త్రచికిత్సకు అనువైన అరుదైన రకమని తేలిందని ఆయనే 2005లో స్టాన్‌ఫర్డ్ ప్రసంగంలో చెప్పారు. ఆయన మరణించింది 2011లో.

ఇక సూది భయం. నేడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ సాయంతో జీర్ణాశయం లేదా ఆంత్రమూలం గోడ గుండా సన్నని సూదితో నమూనా తీస్తారు. సూది దారి వెంట క్యాన్సర్ పాకడం చాలా అరుదు. క్లోమం తలభాగంలోని గడ్డకు ఆంత్రమూలం నుంచి సూది వేస్తే, తరువాత చేసే విపుల్ శస్త్రచికిత్సలో ఆ భాగాన్నీ తొలగిస్తారు.

బయాప్సీ దోషరహితమని నేననను. ఈ గడ్డల్లో నారకణజాలం ఎక్కువ. సూదికి క్యాన్సర్ కణాలు చిక్కకపోవచ్చు. అందుకే స్కాన్ గట్టిగా అనుమానిస్తుంటే, "క్యాన్సర్ కనిపించలేదు" అన్న ఒక్క రిపోర్టుతో నిశ్చింతగా ఇంటికి వెళ్లకూడదు. పూర్తిగా తొలగించగల గడ్డ అయి, స్కాన్ లక్షణాలు బలంగా ఉంటే బయాప్సీ లేకుండానే ఆపరేషన్ చేయడమూ సమంజసమే.

కానీ కీమోథెరపీ సంగతి వేరు. అది మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది క్యాన్సరేనని కణజాలంలో రుజువైందా?" ఈ ప్రశ్నకు మంచి వైద్యుడు నొచ్చుకోడు. నొచ్చుకుంటే, మరో వైద్యుణ్ణి సంప్రదించండి.