మెట్ల కింది సైకిలు

మా ఇంటి మెట్ల కింద రెండేళ్లపాటు ఒక సైకిలు గోడకు ఆనించి ఉండేది. అది మా అమ్మాయిది. ఆరో తరగతి వరకు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తొక్కింది. ఆ తరువాత తొక్కవద్దని ఎవరూ చెప్పలేదు, తొక్కమన్నవారూ లేరు. టైర్లలో గాలి పోయింది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడానికి విశాఖపట్నంలో ఒక్క వర్షాకాలం చాలు, చైను బిగుసుకుపోయింది. అదే కాలంలో తమ్ముడి సైకిలుకు మేము రెండుసార్లు టైర్లు మార్పించాము. ఈ తేడా మా కంటికి ఆనలేదు. "దీన్ని పాత ఇనుము కింద ఇచ్చేయండి అబ్బా, చెప్పులు పెట్టుకోవడానికి జాగా వస్తుంది" అని ఒకనాడు అమ్మాయి మామూలుగా అన్నప్పుడు గాని మేము ఆ సైకిలు వంక సరిగా చూడలేదు.

ఆ పూటే సైకిలును షాపుకు తీసుకువెళ్లాము. మా అమ్మీకి ఇది నచ్చలేదు. "పెద్దపిల్ల. నలుగురూ ఏమనుకుంటారు? పైగా ఆ లారీలు!" అన్నారు. ఆ రెండు మాటలనూ మేము కలిపి వినదలచుకోలేదు. నలుగురి మాట వేరు, లారీల మాట వేరు. లారీల భయం నిజమైనది. రోడ్డును, వేళను ఎంచుకొని దానికి జవాబు వెతకవచ్చు. నలుగురి మాటకు అలాంటి జవాబు దొరకదు.

నిజానికి మన ఊరు సైకిళ్ల ఊరే. 1933లో ఓడరేవు తెరుచుకున్న నాటి నుంచి, 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగిన షిప్‌యార్డు దాకా, ఆ తరువాత ఉక్కు కర్మాగారం దాకా, షిఫ్టు వేళకు కార్మికులను చేర్చింది చాలావరకు సైకిలే. మా అబ్బాజాన్ పాతపట్నం నుంచి షిప్‌యార్డుకు ఇరవై ఏళ్లు సైకిలు మీదే వెళ్లివచ్చారు. క్యారియరుకు కట్టిన టిఫిను గిన్నె చప్పుడును బట్టి ఆయన వీధి మలుపు తిరిగారని మాకు తెలిసేది. ఇప్పుడు కాన్వెంటు జంక్షను నుంచి సింధియా వైపు పోయే ఆ రోడ్డు మీద కంటైనర్లు, బొగ్గు లారీలు, గాలిలో నల్లటి ధూళి. పిల్లలతో అటు సైకిలు మీద వెళ్లమని మేము ఎవరికీ చెప్పము. గాజువాక కూడలి సంగతీ అంతే.

అమ్మీతో వాదించే బదులు పుదుక్కోట్టై కథ చెప్పాము. తమిళనాడులోని ఆ వెనుకబడిన జిల్లాలో 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ సైకిలు నేర్పడాన్ని కూడా అందులో భాగం చేశారు. ఏడాదిన్నరలో లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు ఎక్కారు. మన తెలుగు పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ అక్కడికి వెళ్లి రాసిన వ్యాసంలో మొదట కనిపించేవారిలో కొత్తగా అక్షరాలు దిద్దుకున్న ముస్లిం యువతులు ఉన్నారు. వారినీ ఊరివారు మొదట నానామాటలు అన్నారు. వారికి బస్సు కోసం ఎదురుచూపు తప్పింది, నీళ్లు మోయడం తేలికైంది. అమ్మీ అంతా విని, "వాళ్లకు పని ఉంది, తొక్కారు. దీనికేం పని?" అన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. చెరువు చూడటం పని కిందకు వస్తుందా?

మేము పాతపట్నం వదిలి ఆరిలోవ వైపు వచ్చి చాలా ఏళ్లయింది. అందువల్ల మొదటి ఆదివారం ముడసర్లోవకే బయలుదేరాము. చలికాలంలో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. ఫజ్ర్ నమాజు ముగించుకొని వెలుగు వచ్చీరాగానే బయలుదేరితే, ఎనిమిది గంటల వరకు రోడ్డు మనది. ముడసర్లోవ జలాశయం విశాఖకు తొలినాళ్లలో మంచినీరు ఇచ్చిన వనరుల్లో ఒకటి. ఇప్పుడు ఆ నీటి మీద నీలిరంగు పలకలు బారులు తీరి తేలుతుంటాయి. అవి నగరపాలక సంస్థ 2018లో ఏర్పాటు చేసిన సౌరవిద్యుత్ కేంద్రం, సామర్థ్యం 2 మెగావాట్లు. నీటి పక్షి ఒకటి ఆ పలకల అంచున రెక్కలు ఆరబెట్టుకుంటుంటే మా వాడు బ్రేకు వేయడం మరచి అక్క సైకిలును ఢీకొట్టాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ రోడ్డే ముందుకు సాగి కొండల నడుమ అడివివరం చేరుతుంది, కాని మొదటి రోజుకు జలాశయమే చాలనుకున్నాము.

రెండో వారం ఒక పొరపాటు జరిగింది. అమ్మాయి చున్నీ వెనుక చక్రంలో చిక్కుకుంది. ఎత్తు ఎక్కుతున్నందున వేగం లేదు, పక్కకు ఒరిగి మోచేయి గీరుకుపోవడంతో సరిపోయింది. దిగే దారిలో అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సైకిలు సరిచేయించిన రోజే చైనుకు నిండు కవరు, వెనుక చక్రానికి వల బిగించవలసింది. ఆ రెంటి ఖర్చు పెద్దదేమీ కాదు, ఆలోచన లేకపోవడమే లోపం. ఇప్పుడు అమ్మాయి చున్నీ బదులు పిన్నులతో బిగించిన చిన్న హిజాబు, మోకాలి దాకా వచ్చే కుర్తా వేసుకుంటుంది. బుర్ఖాతో తొక్కేవారు అంచును పైకి మడిచి కట్టుకోవాలి, నడుము ముందు అడ్డుకమ్మీ లేని సైకిలునే ఎంచుకోవాలి. ఇవి చిన్న విషయాలని పక్కన పెట్టడం వల్లనే ఆడపిల్ల ఒక్కసారి పడగానే సైకిలు మెట్ల కిందికి చేరుతుంది.

మూడో దారి భీమిలి రోడ్డు. దీనిని గురించి ఎంత చెప్పినా తక్కువే. నగరం నుంచి భీమునిపట్నం సుమారు 25 కిలోమీటర్లు, కుడిచేతి వైపు సముద్రం తోడు వస్తూనే ఉంటుంది. జాతీయ రహదారిని సైకిళ్లు దిగి నడిపించుకుంటూ దాటి, విశాలాక్షినగర్ మీదుగా తీరం చేరాము. రుషికొండ, బౌద్ధ విహార శిథిలాలున్న తొట్లకొండ మలుపు, మంగమారిపేట, ఆపై ఎర్రమట్టి దిబ్బలు. గాలి సంగతి తెలియక ఈ దారిలో చాలామంది తికమక పడతారు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలోను, వానాకాలంలోను గాలి నైరుతి నుంచి వీస్తుంది కనుక భీమిలి వైపు పోయేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అలసిన కాళ్లకు ఆ గాలే ఎదురు నిలుస్తుంది. చలికాలంలో ఇది తారుమారు. వెళ్లేటప్పుడే కష్టపడి తేలికగా ఇల్లు చేరవచ్చు. పిల్లలు వెంట ఉన్నప్పుడు నవంబరు నుంచి జనవరి వరకే ఈ దారి మంచిది. మేము భీమిలి చేరలేదు, ఎర్రమట్టి దిబ్బల దగ్గరే వెనక్కి తిరిగాము. మరీ చిన్నపిల్లలున్న వారికి తెల్లవారుజామున వాహనాలను ఆపివేసే ఆర్కే బీచి ముక్క చాలు.

ఇంటికి వచ్చి ఎర్రమట్టి దిబ్బల మాట ఎత్తగానే అమ్మీ ముఖం మారింది. పెళ్లయిన కొత్తలో అబ్బాజాన్ ఆమెను సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకొని భీమిలి తీసుకువెళ్లారట. డచ్చివారి సమాధులు చూపించారట, దారిలో రెండుసార్లు పంక్చరైందట. ఇన్నేళ్లలో ఈ మాట మాకు ఎన్నడూ చెప్పలేదు. "అప్పుడు నలుగురూ ఏమనలేదా దాదీ?" అని అమ్మాయి అడిగింది. "అన్నారు బేటీ. మీ దాదా బెల్లు కొట్టుకుంటూ పోయారు" అన్నారు అమ్మీ.

ఇక మిగిలింది కొండకర్ల ఆవ. కొల్లేరు తరువాత మన రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు ఇదే. శీతకాలంలో దూరదేశాల పక్షులు వస్తాయి. తాటి మొద్దులను తొలిచి, రెంటిని జతగా కట్టిన దోనెల మీద తామరల నడుమ తిప్పుతారు. ఇంటి నుంచి అంతదూరం పిల్లలు తొక్కలేరు. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం పోయే రోడ్డు మీద పరిశ్రమల వాహనాలు ఎక్కువ. అందువల్ల సైకిళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కించి, మునగపాక దాటి కొండకర్ల వైపు మళ్లిన తరువాతే దించుకోవాలని అనుకున్నాము. అక్కడి నుంచి పొలాల నడుమ పల్లెదారి.

వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాము, ఇన్షా అల్లాహ్. నిన్న రాత్రి అమ్మీ పాత టిఫిను గిన్నె అటక మీద నుంచి దింపించి, చింతపండు వేసి తోముతూ, ఆటోలో ముందు సీటు ఖాళీయేనా అని అడిగారు.