బడి గడప దాటిన పిమ్మట

బిడ్డను బడిలో చేర్చుటతో తన విధి తీరినదని ప్రభుత్వమును, బడి విడుచుటతో బిడ్డకు ఇల్లే గతియని తల్లిదండ్రులును తలచుచున్నంత కాలము, వికలాంగ బాలబాలికల విద్య నారు పోసి నాట్లు మరచిన సేద్యము వంటిదే యగును. ఈ మాట దేశమంతటికిని చెల్లును. నౌపడ, టెక్కలి, పలాస, ఉద్దానము ప్రాంతమున దీనికి మరింత బరువు గలదు. కారణము ముందు చెప్పెదము.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల శాసనము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. నలువది శాతము, అంతకు మించిన వైకల్యము గల బిడ్డలకు ఆరవయేటి నుండి పదునెనిమిదవయేటి వరకు ఉచిత విద్య హక్కని చెప్పినది. మండలములందలి భవిత కేంద్రములును, ప్రత్యేకోపాధ్యాయులును ఆ ఆశయమునకు చేతులు. మంచిదే. కాని పదునెనిమిదవ యేడు నిండిన మరునాడు ఉపాధ్యాయుడు లేడు, ఫిజియోథెరపీ లేదు, తోటి బాలుర మాట లేదు. మిగులునది పింఛను. 2024లో మన రాష్ట్రమున దానిని నెలకు 6,000 రూపాయలకు పెంచిరి. దానిని మేము చిన్నచూపు చూడము. అయినను పింఛను అన్నము పెట్టునే కాని పని పెట్టదు, చెలిమి పెట్టదు, నలుగురిలో మాట పెట్టదు. పేర్లు మాత్రము ఎన్నియో మారినవి: వికలాంగులన్నారు, దివ్యాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు. పేరు మారినంతనే బ్రతుకు మారునా?

నౌపడవారికి ఈ చిక్కు సులభముగ బోధపడును. 1900లో పర్లాకిమిడికి చిన్న పట్టాల దారి వేసిన నాటి నుండి 2004లో ఆ బండి నిలిచిపోవు వరకు, పెద్ద బండిలో వచ్చినవారు నౌపడలో దిగి, మూటాముల్లెతో చిన్న బండికి మారవలసి యుండెడిది. దారి తెలియనివారికి, నడువలేనివారికి అక్కడ చేయి అందించువాడే ఆధారము. 2011లో పెద్ద పట్టాలు వచ్చి ఆ యిబ్బంది తీరినది. బడి నుండి బ్రతుకులోనికి మారవలసిన యువజనులకు మాత్రము నేటికిని అట్టి చేయి లేదు, పట్టాలును కలియలేదు.

ఇక ఈ ప్రాంతపు ప్రత్యేక దుఃఖము. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి నడివయస్సు వారిని పట్టి పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరులో దీనికై ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును తెరచిరి. అట్టి యింట బుద్ధిమాంద్యము గల బిడ్డ యున్నచో, “మా తరువాత వీనికెవరు?” అను ప్రశ్న ముసలితనమున గాక ముందే వచ్చి గుమ్మమున నిలుచును. మరియొక చిక్కు. పదునెనిమిదేండ్లు నిండినవాడు చట్టము దృష్టిలో మేజరు. వాని బదులు తల్లి చేయు సంతకము అన్ని చోట్ల చెల్లదు. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి సంరక్షకుని నియమించుటకు 1999వ సంవత్సరపు జాతీయ న్యాస శాసనము జిల్లా కలెక్టరుతో కూడిన స్థానిక సంఘమును ఏర్పరచినది. ఈ సంగతి ఎందరు తల్లిదండ్రుల చెవిని పడినది? పింఛను సొమ్ము ఇంటింటికి చేరుచున్నది కదా. ఈ మాటయు ఆ దారినే చేరకూడదా?

“వీరేమి పని చేయగలరు?” అనువారు గలరు. కాశీబుగ్గ, పలాసలలోని జీడిపప్పు కర్మాగారములను చూడుడు. పిక్కలను ఒలుచునప్పుడు వచ్చు నూనె చేతులను కాల్చును. ఆ పనికి మేము ఎవరిని పంపుమనము. కాని పప్పుపై పొర తీయుట, గుండు, బద్ద వేరు చేసి తరగతులు కట్టుట, తూచి సంచులలో నింపుట కూర్చుండి చేయు పనులు. కాలు లేకున్నను, చెవి వినబడకున్నను వీనికి అడ్డు లేదు. బుద్ధి నెమ్మదిగ పనిచేయు యువకుడు కూడ ఒకే పనిని నేర్పుగా చూపినచో నేర్చుకొనును. కొబ్బరి తోటలలో పీచు పనియు, నౌపడ ఉప్పును సంచుల కెత్తు పనియు గలవు. మూలపేటలో నిర్మించుచున్న రేవు ఉద్యోగములకు ఇప్పటి నుండియే ఈ యువజనులను తయారు చేయవచ్చును. ప్రైవేటు సంస్థల సిబ్బందిలో కనీసము 5 శాతము వీరుండునట్లు ప్రోత్సాహకములు కల్పింపుమని 2016 శాసనమే ప్రభుత్వమునకు చెప్పుచున్నది.

అమెరికాలో ప్రత్యేక విద్య పొందు ప్రతి బిడ్డకు పదునారవయేటికే, బడి తరువాతి బ్రతుకును గూర్చిన ప్రణాళిక వ్రాసియుంచవలెనని చట్టము. మనకు అంతకంటె ముందే మొదలిడుట మేలు. పదునాలుగవయేట ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు, అన్నిటికి మించి ఆ బిడ్డ కూర్చుండి, “నీకేమి చేయవలెనని యున్నది?” అని అడిగి వ్రాసికొనవలెను. పదునారవయేట సెలవులలో ఒక నెల నిజమైన చోట పని చూపవలెను. పదునెనిమిదవయేటికి ధ్రువపత్రము, బ్యాంకు ఖాతా, అవసరమైనచో సంరక్షక పత్రము చేతికందవలెను. ఆ తరువాత రెండేండ్లైనను భవిత ఉపాధ్యాయుడు నెలకొకమారు వారి యోగక్షేమములు విచారింపవలెను. సికిందరాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గలవారి శిక్షణలో ఇందుకు దారి చూపగలదు.

ఈ వ్యాసము చదువు తోటల యజమానులకు, వర్తకులకు మా మనవి యొక్కటే: మీ కొట్టులో, మీ కర్మాగారములో ఒక్కొక్కరికి చోటిండు, జాలికి కాదు, కూలికి. పనికి తగిన కూలి తక్కువ చేయక యిండు. మనము కోరి తెచ్చుకొన్న స్వరాజ్యము ప్రతి మనిషి తన కష్టముతో తలయెత్తి నిలుచుటయందే సఫలమగును. ఆ హక్కు కాలు చేయి చక్కగ నున్నవారికే అని రాజ్యాంగమున ఎక్కడను వ్రాయలేదు.